వంటింట్లో చెప్పులు

ఇన్నమ్మకు కోపం ఎక్కువ. ఈ మాట తల్లాడ దగ్గర ఆమె పుట్టింటివాళ్లు అన్నారు, పెళ్లయ్యాక అత్తింటివాళ్లు అన్నారు, ఆమె చేతి అన్నం తిని పెరిగిన హాస్టలు పిల్లలు గోడచాటున అనుకున్నారు. ఇన్నమ్మ కాదనేది కాదు. "అవ్, నాకు కోపమే. అన్నం మాడితే నవ్వుకుంట కూసోమంటరా?" అనేది. అయితే అది పొయ్యి మీద పాలలాంటి కోపం. పొంగేది, నాలుగు నీళ్ల చుక్కలు చల్లితే దిగేది. మడమ నొప్పి వచ్చాక మాత్రం ఆ కోపం దిగడం మానేసింది.

ఏన్కూరు దాటి అడవిలోకి పోయే దారిలో, వాగు అవతల, ఒక ట్రస్టు వాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టలు ఉండేది. చుట్టుపక్కల గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవాళ్లు. వాళ్లందరికీ మూడు పూటలా వండిపెట్టేది ఇన్నమ్మ. ఆమె కింద ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె దగ్గరి గూడేనికి చెందిన కోయ మనిషి ఆదెమ్మ, మాట తక్కువ, పని ఎక్కువ. రెండో ఆమె దుర్గ, వయసులో చిన్నది, మాట ఎక్కువ.

మొదట్లో వంటిల్లంటే రేకుల షెడ్డు. మట్టినేల, కట్టెల పొయ్యి, కళ్ల నిండా పొగ. తర్వాత ట్రస్టుకు ఎవరో పెద్దాయన విరాళమిస్తే కొత్త వంటిల్లు కట్టారు. నడుమెత్తు గట్టు, దాని మీద గ్యాసు పొయ్యిలు, కింద నున్నటి నాపరాతి బండలు. వార్డెను రాఘవమ్మ రిబ్బను కత్తిరించిన రోజునే గుమ్మం దగ్గర నిలబడి ఒక మాట చెప్పింది.

"అన్నం వండే చోటు ఇది. ఇందులోకి చెప్పులతో ఎవరూ రాకూడదు. నేనైనా సరే."

రాఘవమ్మది సత్తుపల్లి. చెప్పినట్టే చేసే మనిషి. వంటింట్లోకి వచ్చినప్పుడల్లా చెప్పులు బయటే విడిచి వచ్చేది. కాకపోతే వచ్చి ఓ చూపు చూసి వెళ్లిపోయేది. తెల్లవారకముందు నుంచి పొద్దుగూకే దాకా ఆ బండల మీద నిలబడేది మాత్రం ఆ ముగ్గురు ఆడవాళ్లే. మట్టినేల రోజుల్లో పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని వండేవాళ్లు. ఇప్పుడు గట్టు ఎత్తు గనుక కూర్చునే వీలు పోయింది.

రెండువేల ఆరు వానాకాలంలో ఇన్నమ్మకు కుడి మడమ నొప్పి మొదలైంది. పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెట్టగానే తుమ్మముల్లు దిగబడ్డట్టు ఉండేది. గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, వేళ్ల మీద నడుస్తూ పెరట్లోకి పోయేది. విచిత్రమేమంటే, కాసేపు నడిస్తే ఆ పోటు తగ్గేది. "ఏం లేదులే" అనుకుని పనిలోకి వెళ్లేది. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించి, గడపలో కాసేపు చతికిలబడి మళ్లీ లేచేసరికి మళ్లీ అదే ముల్లు. సాయంత్రానికి మడమంతా జివ్వుజివ్వున సలిపేది.

ఆ ఏడు జిల్లా అంతా చికున్‌గున్యాతో మంచం పట్టింది. ఎవరిని చూసినా వంగి నడిచేవాళ్లే. అందుకని ఇన్నమ్మ నొప్పిని ఎవరూ లెక్క చెయ్యలేదు.

"అందరికీ ఉన్నదే నీకూ వచ్చింది. జ్వరం పోయినా కీళ్లల్ల ఉంటదట," అన్నాడు మొగుడు స్తెఫను. అతను ఆటో నడిపేవాడు.

"నాకు జ్వరమే రాలే కదయ్యా! ఒక్క మడిమెల తప్ప ఇంకేడ నొప్పి లేదంటుంటే ఇనవేంది?"

"అయితే బరువు. జర తక్కువ తిను."

ఆ మాటకు ఇన్నమ్మ చేతిలో గ్లాసు గోడకు తగిలింది. గ్లాసు స్టీలుది కాబట్టి సొట్టతో పోయింది.

రాఘవమ్మ "వయసు" అన్నది. దుర్గ "ఎవరో మంత్రించి ఏదో తొక్కించిండ్రు అక్కా" అన్నది. ప్రార్థనకు వచ్చిన చుట్టాలు "ఓర్చుకో, ఓర్పు నేర్పడానికే ప్రభువు ఇచ్చిండు" అన్నారు. ఇన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. ఒక్కరూ కాలు పట్టుకుని చూడలేదు. చూడకుండానే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉంది, ఆ కారణాలన్నిటిలోనూ తప్పు ఇన్నమ్మదే.

ఆదెమ్మ ఒక్కతే ఏ కారణమూ చెప్పలేదు. ఒక సాయంత్రం ఇటుకరాయి కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, "కాలు పెట్టు అక్కా," అన్నది. ఆ వేడికి ఇన్నమ్మకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ మర్నాడు పొద్దున మళ్లీ మామూలే.

చివరికి ఊళ్లో మందులిచ్చే పిచ్చయ్య దగ్గరికి పోయింది. పిచ్చయ్య చదివి డాక్టరైనవాడు కాదు. చిన్నప్పుడు ఖమ్మంలో ఒక డాక్టరు దగ్గర పనిచేసి సూది వెయ్యడం నేర్చుకున్నవాడు. మడమలోకి సూది దించాడు. ఆ నొప్పికి ఇన్నమ్మ బల్ల అంచు పట్టుకుని అరిచింది. అయితే రెండు రోజులకల్లా నొప్పి చేత్తో తీసేసినట్టు మాయమైంది. ఆ వారమంతా ఆమె హాస్టల్లో ఎవరినీ తిట్టలేదు. పిల్లలు భయపడ్డారు.

వానలు తగ్గేసరికి నొప్పి తిరిగొచ్చింది. మళ్లీ సూది. ఈసారి తగ్గి ఉన్న రోజులు తక్కువ. మళ్లీ వెళ్లింది, మళ్లీ సూది. కొత్తగూడెంలో ఒకచోట ఎక్స్‌రే తీయిస్తే, అక్కడివాడు ఫిల్మును వెలుతురుకు పెట్టి, "ఇగో, మడిమె ఎముక ముల్లు లెక్క మొలిచింది. ఆపరేషన్ చేసి చెక్కాలె," అన్నాడు. ఆ రాత్రి ఇన్నమ్మ అన్నం తినలేదు. తన ఒంట్లో తనకు తెలియకుండా ముల్లు మొలవడమేమిటి? మొలిస్తే దాన్ని చెక్కుతామని అంత సులువుగా ఎట్లా అంటారు?

చెక్కించుకోలేదు. నొప్పితోనే పనికి పోయింది. బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడటం అలవాటు చేసుకుంది. అదే చేటు తెచ్చింది.

ఆ రోజు ఆదివారం. పిల్లలకు కోడిగుడ్ల కూర. గంజి వార్చడానికి అన్నం గుండిగను ఒక పక్క ఇన్నమ్మ, ఇంకో పక్క ఆదెమ్మ గుడ్డలతో పట్టుకుని వంచుతున్నారు. బరువు తన వైపు వాలేసరికి ఇన్నమ్మ కుడి మడమ నేలకు ఆనింది. పోటు నడినెత్తి దాకా పోయింది. కాలు తేలిపోయింది, గుండిగ పక్కకు ఒరిగింది. మరిగే గంజి ఆదెమ్మ పాదం మీద పడింది.

ఆదెమ్మ అరవలేదు. "అమ్మో" అని మెల్లగా అని, గోడకు జారగిలబడింది. ఇన్నమ్మ ఆమెను చంకల కింద పట్టి ఈడ్చుకెళ్లి కుళాయి కింద కాలు పెట్టించింది. రాఘవమ్మ పరుగున వచ్చి, "టూత్‌పేస్టు రాయండి, సిరా పోయండి," అంటుంటే, "దగ్గరికి రాకండి మేడమ్! నీళ్లు పడనియ్యండి!" అని కసిరింది. ఆ కసురు నిజానికి రాఘవమ్మ మీద కాదు, తన మీద, తన మడమ మీద, దాన్ని ఇన్ని నెలలూ చూడని ప్రపంచం మీద.

స్తెఫను ఆటోలో ఇద్దరినీ ఖమ్మం తీసుకుపోయాడు. అక్కడొక మిషన్ దవాఖానా. డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు తబిత. నడివయసు మనిషి. నుదుటి మీద అలసట, చేతుల్లో తొందరలేనితనం. ఆదెమ్మ కాలు శుభ్రం చేసి కట్టు కట్టింది. పొక్కులు పైపైనే ఉన్నాయని, మచ్చ పడినా కాలికి ప్రమాదం లేదని చెప్పింది. తర్వాత తలెత్తి ఇన్నమ్మను చూసింది.

"మీరెందుకమ్మా కుంటుతున్నారు?"

"నా సంగతి కాదు డాక్టరమ్మా. మేమొచ్చింది ఆమె సంగతికి."

"ఆమె సంగతి అయిపోయింది. ఇట్లా కూర్చోండి."

ఇన్నమ్మ గొణుక్కుంటూ కూర్చుంది. తబిత ఆమె పాదం ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లో! ఇన్నమ్మ బిత్తరపోయింది. డాక్టరు బొటనవేలితో అరికాలంతా అక్కడక్కడ నొక్కుతూ వచ్చి, మడమ ముందు, లోపలి వైపు ఒకచోట ఆపి గట్టిగా నొక్కింది. ఇన్నమ్మ కెవ్వుమంది. కాలు తన్నబోయి ఆపుకుంది.

"పొద్దున్నే మొదటి అడుగు వెయ్యడం కష్టంగా ఉంటుందా?"

"అవ్."

"కాసేపు నడిస్తే తగ్గుతుంది. కూర్చుని లేస్తే మళ్లీ వస్తుంది. ఎక్కువసేపు నిలబడితే సాయంత్రానికి సలుపుతుంది. అవునా?"

ఇన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు కూడా కోపానివే. "గదే! అచ్చం గదే! గా మాటే అందరికి చెప్పిన. ఒక్కడు ఇంటే ఒట్టు! ఒకడు బరువంటడు, ఒకామె వయసంటది, ఇంకొకడు ఎముక చెక్కుతనంటడు..."

తబిత ఆమెను పూర్తిగా అరవనిచ్చింది. తర్వాత తన చెప్పు విడిచి, తన పాదమే చూపిస్తూ చెప్పింది.

"మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. విల్లుకు కట్టిన నారి లాంటిది. పాదం వంపు నిలబడేది దానివల్లే. గట్టి నేల మీద, చెప్పుల్లేకుండా, రోజంతా నిలబడితే అది మడమ దగ్గర అతుక్కున్న చోట దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది, పట్టీ బిగుసుకుంటుంది. పొద్దున లేచి ఒక్కసారిగా బరువు వేస్తే గుంజుకుంటుంది. అదే మీ ముల్లు. ఇంగ్లీషులో ప్లాంటార్ ఫేషియైటిస్ అంటాం."

"మరి మొలిచిన ఎముక?"

"అది ఉన్నవాళ్లు చాలామంది ఏ నొప్పీ లేకుండా తిరుగుతుంటారు. దాన్ని చెక్కించుకోవాల్సిన పని లేదు. ఇంతకుముందు సూదులేమైనా వేయించుకున్నారా?"

"వేయించుకున్న. మూడో, నాలుగో."

తబిత మొహం మారింది. కలం బల్ల మీద పెట్టేసింది. "మడమలోకా? అన్నిసార్లా? ఎవరమ్మా వేసింది? అది స్టెరాయిడ్ అయి ఉంటుంది. ఒకసారంటే సరే, తప్పనప్పుడు చూసి వేస్తాం. పదే పదే వేస్తే ఆ పట్టీ పుటుక్కున తెగిపోవచ్చు. మడమ కింద ఉండే మెత్తటి కొవ్వు కరిగిపోవచ్చు. ఇంకోసారి వేయించుకోకండి."

తనకంటే ఎక్కువగా ఇంకో మనిషి తన కాలి గురించి కోప్పడటం ఇన్నమ్మకు అదే మొదటిసారి.

ఏం చెయ్యాలో తబిత చేసి చూపించింది. పొద్దున మంచం దిగకముందే తువ్వాలు పాదం వేళ్లకు తగిలించి రెండు చేతులతో తన వైపు లాగి కాసేపు పట్టుకోవాలి. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్క సాగేలా ముందుకు వాలాలి. సాయంత్రం సీసాలో నీళ్లు గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి, అరికాలి కింద దొర్లించాలి. ఒట్టి కాళ్లతో గట్టి నేల మీద నిలబడకూడదు, ఇంట్లోనైనా సరే. మడమ దగ్గర మెత్తగా, మధ్యలో కాస్త ఎత్తుగా ఉండే చెప్పులు తొడుక్కోవాలి.

"తగ్గుతుందా?"

"చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ నెలలు పడుతుంది. విడవకుండా చెయ్యాలి."

"నెలలా? చెప్పులా? నేను వండేది హాస్టలు వంటింట్ల! ఆడ చెప్పులు తొడిగితే మా మేడమ్ ఊకుంటదా? మీరు ఈడ కుర్చీల కూసోని చెప్పుడు అలకగనే ఉంటది!"

"చీటీ రాసిస్తాను."

"ఆమె చీటీలు ఇనే మనిషి కాదు," అన్నది ఇన్నమ్మ.

అప్పుడు పక్క మంచం మీద నుంచి ఆదెమ్మ గొంతు వినబడింది. "నాక్కూడ గట్లనే ఉంటది డాక్టరమ్మా. రెండు మడిమెలకు. కొత్త వంటిల్లు అయినప్పటి సంది."

ఇన్నమ్మ గిర్రున తిరిగింది. "ఏందే? నాకెందుకు చెప్పలే?"

ఆదెమ్మ కట్టు కట్టిన కాలి వైపు చూసుకుంది. "నేను జర గోడకు ఒరిగితేనే నడుం ఇరిగిందానే అని తిడ్తవ్. ఇంక మడిమె నొప్పంటే ఏమంటవో అని."

ఇన్నమ్మ ఎన్నిసార్లు అన్నదో ఆ మాట! తన నొప్పిని ఎవరూ వినలేదని ఊరంతటి మీదా మండిపడింది. పక్కనే పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నొప్పి తన చెవిన పడకపోవడానికి తన నోరే కారణం. ఇంటికి వచ్చేటప్పుడు ఇన్నమ్మ తల్లాడలో ఆటో ఆపించి చెప్పుల దుకాణంలోకి పోయి, మెత్తటి రబ్బరు ఎమ్‌సీఆర్ చెప్పులు అడిగింది. ఒక జత కాదు, మూడు.

మర్నాడు కొత్త చెప్పులు సబ్బు పెట్టి కడిగి, తుడిచి, చేత్తో పట్టుకుని హాస్టలుకు పోయి, వంటింటి గడప లోపల తొడుక్కుంది. మధ్యాహ్నం పప్పు ఎనుపుతుండగా రాఘవమ్మ వచ్చింది. ముందు వాసన చూసింది, తర్వాత నేల చూసింది.

"ఏంటిది?"

"చెప్పులు మేడమ్. డాక్టరమ్మ చెప్పింది. ఇయ్యి బయట తొడగను. మంచిగ కడిగిన..."

"విడిచేయండి."

"ఇడిస్తే నిలబడలేను మేడమ్."

"నిలబడలేని వాళ్లు ఇల్లు చూసుకోవాలి. పిల్లలు తినే అన్నం దగ్గర ఈ రోత ఏంటి? మీ ఇళ్లల్లో ఎట్లా ఉంటారో నాకనవసరం. ఇక్కడ ఒక పద్ధతుంది."

'మీ ఇళ్లల్లో' అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్నమ్మ పప్పుగుత్తి గట్టు మీద పెట్టింది. గొంతు లేచింది.

"మా ఇళ్లల్ల ఎట్లుంటమో చెప్పాల్నా? మా ఇళ్లల్ల కాలు కాలినోళ్లకు సిరా పొయ్యరు! మీరు ఆఫీసు గదిల మెత్తటి చెప్పులేసుకొని కుర్చీల కూసుంటరు. ఈ బండల మీద ఒక్క పూట నిలబడ్డరా మీరు? ఆదెమ్మ ఒట్టి కాళ్లతోటి ఉండబట్టే గంజి పాదాన్ని కాల్చింది. మీ పద్ధతి కాల్చింది!"

"గుండిగ వదిలేసింది మీరు, నేను కాదు," అన్నది రాఘవమ్మ.

ఆ మాటలో నిజం ఉంది. అందుకే అది ఇంకా మండించింది. ఇన్నమ్మ రెండు చెప్పులూ కాళ్లతోనే విదిలించి విడిచేసింది. రాఘవమ్మ వంగి, ఇన్నమ్మ విడిచిన ఒక చెప్పును రెండు వేళ్లతో ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరింది. అది పోయి ఎంగిలాకుల కుప్ప మీద పడింది.

ఇన్నమ్మ పప్పుకు తాలింపు పెట్టింది. పిల్లలందరికీ వడ్డించింది. ఆఖరి పిల్ల కంచం కడుక్కుని పోయాక కొంగు దులుపుకుని, "రేపటి సంది మీరే వండుకోండి," అని చెప్పి వచ్చేసింది. కుప్ప మీద నుంచి చెప్పు తీసుకుని, దారిలో వాగు దగ్గర కడిగింది. కడుగుతూ ఎంత తిట్టిందో వాగుకే తెలియాలి.

ఇంట్లో కూర్చున్నదే గానీ మనసు కుదురుగా లేదు. అన్నం పొంగే వేళకు చేతులు కొట్టుకునేవి. పిల్లలు ఏం తింటున్నారో? "పోయి అడుగు, తప్పయిందని ఒక మాట అను. అయిపోద్ది," అన్నాడు స్తెఫను. "నాది తప్పా?" అని ఇన్నమ్మ లేచిన తీరుకు అతను ఆటో తీసుకుని కిరాయికి పోయాడు.

హాస్టల్లో జరిగింది దుర్గ సాయంత్రం వచ్చి చెప్పింది. ఆ పొద్దున దుర్గ ఒక్కతే వంటింట్లో ఉండగా, ఆదెమ్మ కర్ర ఊతంతో కట్టు కాలీడ్చుకుంటూ వచ్చింది. ఇన్నమ్మ కొనిచ్చిన చెప్పుల్లో ఒకటి కట్టు లేని కాలికి తొడుక్కుని నేరుగా వంటింట్లోకి నడిచింది. రాఘవమ్మ "ఆదెమ్మా!" అని అరిచింది. ఆదెమ్మ కట్టు కట్టిన కాలు కాస్త ముందుకు పెట్టి నిలబడింది.

"కాలిన కాలు నాది మేడమ్. చెప్పులుంటే గింత కాలకపోవు. అక్కను పిలిస్తెనే మేం చేస్తం," అన్నది. అంతే అన్నది. దుర్గ కూడా ఆదెమ్మ పక్కకు పోయి నిలబడింది.

"మేడమే వండింది అక్కా! చీర దోపుకొని, ఒట్టి కాళ్లతోటి," అంటూ దుర్గ నవ్వు ఆపుకోలేకపోయింది. "అన్నం సగం పలుకు, సగం ముద్ద. పిల్లలు ఒక్క ముద్దకే లేచిండ్రు."

ఇన్నమ్మ నవ్వలేదు. "పిల్లలు పస్తున్నరా? గది నవ్వే మాటనా?" అని దుర్గ మీద విరుచుకుపడింది.

ఆ మర్నాడూ రాఘవమ్మే వండింది. పొద్దువాలేవేళ తనే నడిచి ఇన్నమ్మ ఇంటికి వచ్చింది. గడపలో నిలబడింది. ఒక చెయ్యి నడుం మీద ఉంది, బరువు ఒక కాలి మీదే ఉంది. ఇన్నమ్మ అది చూసింది. కుర్చీ వెయ్యాలనిపించలేదు, అయినా వేసింది.

"వంటింట్లో వాడే చెప్పులు వేరుగా ఉండాలి," అన్నది రాఘవమ్మ, కుర్చీలో కూర్చోకుండానే. "బయట తొడుక్కోకూడదు. రోజూ కడగాలి. ముగ్గురూ వేసుకోవాలి, మూసి ఉన్నవైతే ఇంకా మంచిది. ఇది రూలు."

"ఇదే మాట నేను చెప్తే కదా మీరు కిటికీల్నించి ఇసిరింది!"

"మీరు చెప్పలేదు. అరిచారు."

"సగం మాట కాకముందే ఇడువుమన్నరు. అరవక ఏం జెయ్యాలె మేడమ్?"

రాఘవమ్మ చెప్పు విసిరినందుకు ఏమీ అనలేదు. 'మీ ఇళ్లల్లో' అన్నందుకూ ఏమీ అనలేదు. "పిల్లలు రెండు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదు," అని మాత్రం అన్నది. ఇన్నమ్మ అప్పటికే కొంగు నడుముకు చుట్టుకుంటోంది. కానీ 'మీ ఇళ్లల్లో' అన్న మాట ఆమె మరిచిపోలేదు. రాఘవమ్మ ఆ హాస్టలు విడిచి వెళ్లేదాకా ఇద్దరి మధ్యా ఉప్పు, పప్పు, గ్యాసు బండ తప్ప ఇంకో మాట నడవలేదు.

గొడవ గెలిచినంత తేలిగ్గా నొప్పి లొంగలేదు. రోజూ తువ్వాలు లాగింది, రోజూ గోడను నెట్టింది. "ఆ గోడ ఏం జేసిందే నిన్ను?" అని స్తెఫను ఎగతాళి చేసేవాడు. గడ్డకట్టిన నీళ్ల సీసా కోసం మాత్రం రోజూ సోడా దుకాణం దాకా పోయి తెచ్చేది అతనే. సీసా దొర్లిస్తూ ఆమె డాక్టరును తిట్టేది, బండలను తిట్టేది. నెల దాటినా పొద్దుటి పోటు అట్లాగే ఉంది. ఒకరోజు తట్టుకోలేక పిచ్చయ్య దగ్గరికి పోయింది. సూది కోసమా, తిట్టడానికా అనేది గుమ్మం ఎక్కేదాకా ఆమెకే తెలియదు.

"నా కాలు తెగిపోయేటట్టు సూదులేసినవట! తెల్వని పని ఎందుకు జేసినవ్ పిచ్చయ్యా?"

పిచ్చయ్య చేస్తున్న పని ఆపాడు. మొహం చిన్నబోయింది. "నేనొద్దంటే నువ్వు ఇన్నవా వదినా? రెండోసారే ఖమ్మం పొమ్మన్న. 'నాకు పొయ్యేటందుకు తీరికేడిది, వేస్తవా వెయ్యవా' అని మీద పడ్డవ్."

అదీ నిజమే. ఇన్నమ్మకు గుర్తుంది. "మీద పడితే మాత్రం వేస్తవా?" అని ఇంకో అరుపు అరిచింది గానీ, దానిలో మునుపటి బలం లేదు. సూది వేయించుకోకుండానే దిగి వచ్చేసింది. వాగు దాటేటప్పుడు గట్టు మీద కూర్చుని, ఎవరూ లేరని చూసుకుని ఏడ్చింది. తీరిక లేకపోవడమే అన్నిటికన్నా పెద్ద రోగమని, దానికి కారణమని తిట్టడానికి కూడా ఎవరూ దొరకరని అనిపించింది.

ఆ తర్వాత ఆమె పని పద్ధతి మార్చింది. ట్రస్టు వాళ్లతో దెబ్బలాడి రెండు ఎత్తు స్టూళ్లు తెప్పించింది. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం, కూర కలపడం కూర్చునే. ముగ్గురూ వంతులు వేసుకున్నారు. ఆదెమ్మ గోడకు ఒరిగితే, "నడుం..." అని మొదలుపెట్టి, మింగేసి, "పో, కూసో జరసేపు," అనేది. అదీ తిట్టినట్టే అనేది. మధ్యాహ్నాలు పాత్రలు కడగడం అయ్యాక ముగ్గురు ఆడవాళ్లూ గోడకు చేతులు ఆనించి వరసగా వాలి నిలబడేవాళ్లు. పిల్లలు కిటికీలోంచి చూసి కిసుక్కుమనేవాళ్లు. ఇన్నమ్మ గరిటె విసిరేది.

చలికాలం పోయేసరికి పొద్దుటి పోటు మొద్దుబారింది. తర్వాత కొన్ని పొద్దులు వచ్చేది, కొన్ని పొద్దులు వచ్చేది కాదు. వచ్చిన రోజు ఎందుకొచ్చిందో ఆమెకు తెలిసేది. ముందురోజు ఎక్కువసేపు నిలబడ్డదో, చెప్పులు మరిచిందో అయ్యేది. ఖమ్మం పోయి చూపించుకుంటే తబిత మళ్లీ అదే చోట నొక్కింది. ఇన్నమ్మ ముడుచుకుంది గానీ కెవ్వుమనలేదు. "విడవకుండా చెయ్యండి, ఇంకొన్ని నెలలు," అన్నది డాక్టరు. "మీ నెలలు ఎన్నటికి ఒడువయ్ తియ్యండి," అని విసుక్కుంది ఇన్నమ్మ. డాక్టరు నవ్వింది.

ఇప్పపూల కాలం వచ్చింది. ఆదెమ్మ తెల్లారగట్ల అడవికి పోయి పూలు ఏరుకుని, అక్కడి నుంచి నేరుగా హాస్టలుకు వచ్చేది. ఒకరోజు ఆమె బుట్టతో పెరటి దారిన వస్తుంటే ఇన్నమ్మ చూసింది. ఒట్టి కాళ్లు. పాదం మీద గంజి కాల్చిన చోట చర్మం తెల్లగా మెరుస్తోంది.

"ఏమే! చెప్పులేవి? ఇంత చెప్పినా బుద్ధి లేదా నీకు? మళ్ల మడిమెలు పట్టుకొని ఏడ్వనీకా?" అని పెరడు దద్దరిల్లేలా అరిచింది.

ఆదెమ్మ బుట్ట దించి, పూలలోంచి ఒక ఆకు తీసి పారేస్తూ, తాపీగా అన్నది. "అడివిల ఎందుకక్కా చెప్పులు? ఆడ నేలంత ఆకే. మెత్తగుంటది. నొయ్యదు."

ఇన్నమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. ఆదెమ్మ కుంటకుండా నడిచి రావడం అప్పుడు గమనించింది. గడప పక్కన ఆరబెట్టిన చెప్పుల జత తీసి ఆమె ముందు పడేసింది.

"సరేలే. ఇగ ఇయ్యి తొడుక్కొని జల్దీ రా. బియ్యం కడగాలె."

ఆదెమ్మ కాళ్లు కడుక్కుని, చెప్పులు తొడుక్కుని లోపలికి నడిచింది.